లాంగ్ ఫార్మాట్‌కు గుర్రాన్ని తయారు చేయడం: దమ్ము ముందొస్తుంది, కాళ్లు వెనకొస్తాయి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. మునుగోడు దగ్గర మీ పొలంలో తొమ్మిదేళ్ల థరోబ్రెడ్, అంటే రేసు జాతి, ఆడగుర్రం ఉంది. మలక్‌పేటలో రేసులు మానేశాక నీ దగ్గరికొచ్చింది. పోయిన చలికాలం ఈవెంటింగ్‌లో, అంటే డ్రెస్సాజ్ (అరీనాలో క్రమబద్ధమైన నడకల పరీక్ష), క్రాస్ కంట్రీ (బయలు నేల మీద అడ్డంకులు దూకుతూ పరుగు), షో జంపింగ్ (అరీనాలో అడ్డుకర్రలు దూకడం) మూడూ ఉండే పోటీలో, రెండు స్టార్ల స్థాయి షార్ట్ ఫార్మాట్ బాగానే పూర్తి చేసింది. వచ్చే ఫిబ్రవరిలో అదే స్థాయిలో, క్రాస్ కంట్రీ ఎక్కువ దూరముండే లాంగ్ ఫార్మాట్‌కు బెంగళూరు తీసుకుపోవాలని నీ కోరిక. ఎండాకాలమంతా ఖాళీగా ఉంది. "పుట్టుకతోనే దమ్మున్న గుర్రం అన్నా, జనవరి ముందు ఆరు వారాలు గ్యాలప్‌లు కొట్టిస్తే చాలదా" అన్నావు. పోటీ అయిన మర్నాడు ఎడమ ముందరి కాలు కాస్త ఉబ్బి, రెండు రోజుల్లో అదే తగ్గిందని ఆఖర్న ఒక ముక్క రాశావు. ఆ ఆఖరి ముక్క దగ్గరే నేను ఆగిపోయాను.

ఆరు వారాలు చాలవు. దమ్ముకు చాలుతాయేమో గానీ కాళ్లకు చాలవు.

గుర్రంలో అన్నీ ఒకే వేగంతో గట్టిపడవు. గుండె, ఊపిరితిత్తులు రెండు మూడు నెలల్లో అందుకుంటాయి. కండ ఇంకాస్త సమయం తీసుకుంటుంది. కాలి వెనకాల మనం నరం అని పిలిచే టెండన్, దాని పక్క లిగమెంట్లు, లోపలి ఎముక గట్టిపడాలంటే ఆరు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. అందుకే పని మొదలైన రెండో నెలలో గుర్రం మనల్ని మోసం చేస్తుంది. ఉరకాలని పగ్గాలు లాగుతుంది, ఎంత తోలినా అలుపు కనబడదు. సవారీ చేసేవాడు సంబరపడి వేగం పెంచుతాడు. కాలి నరం తెగేది సరిగ్గా అప్పుడే. రేసు నుంచి వచ్చిన గుర్రంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. దాని గుండె పెద్దది, మనసు తొందరది, కాళ్ల మీద మాత్రం రేసుల నాటి పాత లెక్కలు కొన్ని మిగిలే ఉంటాయి.

నాకిది ఒక గెల్డింగ్, అంటే విత్తులు తీయించిన మగగుర్రం, నేర్పింది. పదకొండేళ్ల కింద, అప్పుడు నేను జడ్చర్ల దగ్గర గుర్రాలు పెట్టుకుని ఉన్నాను. ఎండాకాలం ముగియకముందే తొందరపడి పని మొదలుపెట్టాను. గ్యాలప్ అయిన ఎనిమిది నిమిషాలకే నాడి అరవైలోకి వచ్చేది, దాన్ని చూసి మురిసిపోయేవాణ్ని. ఒకరోజు పొద్దుగాల కాళ్లు తడుముతుంటే కుడి ముందరి కాలి వెనక, గిట్ట మీది కీలుకు జానెడు పైన, ఉలవగింజంత చోటు వెచ్చగా తగిలింది. వాపు లేదు, కుంటడం లేదు. దోమో జోరీగో కుట్టిందనుకున్నాను. ఆ రోజే రాయిలా గట్టిపడ్డ చెల్కలో నాలుగు నిమిషాలు వేగంగా తోలాను. సాయంత్రానికి ఆ నరం అరటికాయలా వంపు తిరిగి ఉబ్బింది. పదకొండు నెలలు కొట్టంలోనే నిలబెట్టాల్సి వచ్చింది. తర్వాత నడిచింది, పిల్లలను ఎక్కించుకుంది. పోటీకి మాత్రం మళ్లీ పోలేదు.

కాబట్టి నీ మొదటి పని జీను వేయడం కాదు. గుర్రాలు చూసే డాక్టరు చేత రెండు ముందరి కాళ్లకూ అల్ట్రాసౌండ్ తీయించు. వాపు రెండు రోజుల్లో పోయిందంటే లోపల ఏమీ లేదని కాదు. రెండు కాళ్లూ తీయించమనడం ఎందుకంటే, పక్క కాలితో పోల్చి చూస్తేనే తేడా తెలుస్తుంది. స్కాన్ శుభ్రంగా వస్తే కింద రాసినదంతా నీకు పనికొస్తుంది. నరంలో చిన్న నల్ల మచ్చ కనబడినా ఈ ఏడాది పోటీ మాట మరచిపో.

ఇక లాంగ్ అంటే ఏమిటో లెక్కల్లో చూడు. రెండు స్టార్ల షార్ట్‌లో క్రాస్ కంట్రీ 2600 నుంచి 3120 మీటర్లు, అయిదారు నిమిషాలు. లాంగ్‌లో 3640 నుంచి 4680 మీటర్లు, ఏడు నుంచి తొమ్మిది నిమిషాలు. వేగం రెండింటికీ ఒకటే, నిమిషానికి 520 మీటర్లు. అంటే ఇంకా వేగంగా ఉరకడం నేర్పనక్కర్లేదు, అదే వేగం మీద ఇంకో రెండు మూడు నిమిషాలు నిలబడటం నేర్పాలి. అలసిన గుర్రం ముందుగా మరచిపోయేది కాళ్లు ఎత్తడమే. ఆఖరి నిమిషంలో వచ్చే కట్టె దుంగ మొదటి నిమిషంలో దాటిన దుంగకంటే ఎత్తు తక్కువే అయినా పడిపోయేది అక్కడే. దీనికి తోడు లాంగ్‌లో క్రాస్ కంట్రీ మర్నాడు పొద్దున జడ్జీల ముందు గుర్రాన్ని ట్రాట్‌లో, అంటే నడకకంటే వేగమైన తేలిక పరుగులో, నడిపించి చూపాలి, ఆ తర్వాతే షో జంపింగ్. షార్ట్‌లో ఈ మర్నాటి పరీక్ష ఉండదు. నేను నేర్చుకునే రోజుల్లో క్రాస్ కంట్రీకి ముందు రోడ్లూ ట్రాకులూ అనే దూరప్రయాణం, స్టీపుల్‌చేజ్ అనే వేగంగా దూకుతూ ఉరికే పరుగూ ఉండేవి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ నాటికి అవి తీసేశారు. అవి పోయాయని గుర్రం తయారీ సులువైందనుకుంటారు కొందరు. అప్పట్లో ఆ రోడ్ల కోసమైనా గుర్రానికి గంటల తరబడి నడక పెట్టేవాళ్లం. ఇప్పుడు ఆ నడకే మానేశారు, కాళ్ల జబ్బులు చూస్తే నాకు ముందుగా గుర్తొచ్చేది అదే.

మన దగ్గర ఏడాది లెక్క కార్తెలతోనే కుదురుతుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, ఆ నేల మీద, ఆ ఎండలో గుర్రాన్ని తోలడం పాపం. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక మొదలుపెట్టు. జూన్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా ఎనిమిది నెలలు చేతికొస్తాయి, అది చాలినంత సమయం.

మొదటి ఆరు వారాలు నడకే. అరగంటతో మొదలుపెట్టి గంటన్నర దాకా తీసుకెళ్లు. ఊగుతూ నడిచే నడక కాదు, చంకలో పిల్లనెత్తుకుని బస్సు కోసం పోయే మనిషి నడకలా ఉండాలి. అందులో ఇరవై నిమిషాలు గట్టి బాట మీద, డాంబరు రోడ్డు మీదైనా సరే, నడిపించు. నడకలో తగిలే ఆ గట్టిదనం ఎముకకు మేలు చేస్తుంది, ట్రాట్‌లో మాత్రం అదే కీడు. నాలుగో వారం నుంచి మెత్తని చోట రెండేసి నిమిషాలు ట్రాట్, గుర్రాలు చూసుకునే మన సాయిసులు దుల్కీ అంటారే, అది కలుపు. ఈ ఆరు వారాలూ విసుగ్గా ఉంటాయని నాకు తెలుసు. ఎవరూ ఫోటో తీయరు, వీడియో పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. మొత్తం ఎనిమిది నెలల పనికి పునాది మాత్రం ఇదే.

ఆగస్టు నుంచి ఎత్తు ఎక్కించు. చెరువు కట్ట వాలు నీ దగ్గరే ఉంది, దానికంటే మంచి జిమ్ లేదు. వాలు ఎక్కేటప్పుడు ట్రాట్, దిగేటప్పుడు తప్పకుండా నడక. ఎక్కేటప్పుడు గుండెకు గ్యాలప్‌లో పడేంత పని తక్కువ వేగంలోనే పడుతుంది, కాళ్ల మీద దెబ్బ తక్కువ. దిగుడులో బరువంతా ముందరి కాళ్ల మీదికి వస్తుంది, అక్కడ తొందర పెడితే ఎక్కించిన లాభమంతా పోతుంది.

క్యాంటర్ పని, అంటే ట్రాట్‌కూ గ్యాలప్‌కూ మధ్య వేగంలో పరుగు, దసరా దగ్గర్లో మొదలవ్వాలి. ఇది విడతల పద్ధతి: కాసేపు తోలడం, పూర్తిగా అలుపు తీరకముందే మళ్లీ తోలడం. మొదట మూడు నిమిషాల చొప్పున మూడు విడతలు, నిమిషానికి 350 మీటర్ల వేగంతో, మధ్యలో మూడు నిమిషాల నడక. నాలుగు రోజులకోసారి మాత్రమే, అంతకంటే దగ్గరగా వద్దు; నరానికి తేరుకునే గడువు కావాలి. ముందు సమయం పెంచు, తర్వాతే వేగం. రెండూ ఒకేసారి ఎప్పుడూ పెంచకు. సంక్రాంతి నాటికి 400 వేగంలో ఏడు నిమిషాల చొప్పున మూడు విడతలు, ఆఖరి విడతలో చివరి నిమిషం 520కి తెచ్చేంతదాకా వస్తే నీ గుర్రం సిద్ధమైనట్టే. పూర్తి పోటీ దూరాన్ని పోటీ వేగంతో ఇంట్లో ఒక్కసారి కూడా తోలకు. థరోబ్రెడ్‌కు అది అక్కర్లేదు. పైగా అతిగా ఫిట్ అయిన థరోబ్రెడ్ డ్రెస్సాజ్ అరీనాలో నిప్పు తొక్కినట్టు తిరుగుతుంది.

వేగం కొలవడానికి యాప్‌ల మీద ఆధారపడకు. సాఫు నేల మీద టేపుతో 400 మీటర్లు కొలిచి రెండు చివరలా కర్రలు పాతు, చేతికి గడియారం పెట్టుకో. ఆ దూరం నిమిషంలో దాటితే 400, 46 సెకన్లలో దాటితే 520. పది రోజులకు నీ ఒంటికే వేగం తెలుస్తుంది, పోటీలో గడియారం చూడాల్సిన పని సగం తగ్గుతుంది.

నేల విషయం కొంచెం పెద్దగా రాస్తాను, నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో గుర్రాలు పాడయ్యేది నేల వల్లే. ఎర్ర చెల్క వాన తర్వాత రెండో రోజో మూడో రోజో బంగారంలా ఉంటుంది. పదునున్నప్పుడు గిట్ట అంగుళం దిగి తేలిగ్గా పైకి వస్తుంది. వారం ఎండ తగిలితే అదే చెల్క సిమెంటు గచ్చు. దున్నిన చెల్క అసలే వద్దు. లోతుగా దిగే నేలలో నరం మీద లాగుడు ఎక్కువ. నల్లరేగడి వానలో జిగురై నాడాలు పీకేస్తుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. ఆ నెర్రెలో గిట్ట పడితే ఇక చెప్పేదేముంది. మన గుట్టల పక్క నేలలో పైకి కనబడని రాయి ఉంటుంది. కొత్త చోట తోలే ముందు కాలినడకన ఒకసారి తిరిగిరా. నీళ్లు తగ్గిన చెరువు శిఖం చలికాలంలో బాగుంటుంది గానీ, బురద గుంటలు ఎండిపోయాయో లేదో కర్రతో పొడిచి చూసుకో. నేల బాగాలేని రోజు క్యాంటర్ మానేసి కట్ట ఎక్కించు. ఒక పని పోయిందని దిగులు పడకు, ఎనిమిది నెలల్లో నాలుగు పనులు పోతే ఏమీ కాదు.

వానాకాలం ఎండ తక్కువని మోసపోకు. వేడికి ఉక్కపోత తోడైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లారదు. తెల్లవారకముందే పని ముగించు. పని అయ్యాక గుర్రాన్ని నీడలో నిలబెట్టి మెడ, ఛాతీ, వీపు, వెనక తొడలు అన్నింటి మీదా చల్లటి నీళ్లు ఆగకుండా పోయి. వేడి మీదున్న గుర్రం మీద చన్నీళ్లు పోస్తే కండ పట్టేస్తుందని మా పెద్ద సాయిసులు నమ్మేవాళ్లు, చాలా ఏళ్లు నేనూ నమ్మాను. 1996 అట్లాంటా ఒలింపిక్స్ వేడికి భయపడి చేసిన పరిశోధనల్లో అది నిజం కాదని తేలింది, అప్పటి నుంచి పెద్ద పోటీల్లో ఐసు నీళ్లే పోస్తున్నారు. తాగడానికీ వెంటనే బకెట్ పెట్టు. ఇంకో సంగతి, మన వాతావరణంలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. పని తర్వాత పక్క గుర్రం తడిసి ముద్దయినా నీది పొడిగా ఉండి ముక్కుపుటాలు ఎగరేస్తుంటే, అది ఓపికకు గుర్తు కాదు, జబ్బు. పని ఆపి డాక్టరును పిలువు.

నాడి చూడటం నేర్చుకో, మిషన్ కొనకపోయినా పరవాలేదు. దవడ ఎముక కింది అంచున లోపలి వైపు పెన్సిలంత రక్తనాళం వేలి కింద జారుతుంది. దాన్ని ఎముకకు మెల్లగా ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించు. పొద్దున కొట్టంలో నిమ్మళంగా ఉన్నప్పుడు 28 నుంచి 44 మధ్య ఉండాలి. నీ గుర్రానికి మామూలుగా ఎంత ఉంటుందో గోడ మీద రోజూ రాయి. ఆఖరి విడత తర్వాత పది నిమిషాల నడకకు 64 లోపు వస్తే ఆ పని దానికి సరిపోయింది. రాకపోతే తర్వాతి సారి పెంచకు. పొద్దుటి నాడి రోజూ కంటే ఏడెనిమిది ఎక్కువగా ఉంటే, ఆ రోజు జీను ముట్టకుండా జ్వరం చూడు.

నాడి కంటే ముందు కాళ్లు. రోజూ, జీను వేయకముందు, అరచేత్తో కాదు, వేళ్ల వెనక వైపుతో మోకాలి నుంచి గిట్ట దాకా తడుము. వేళ్ల వెనక చర్మానికి వేడి బాగా తెలుస్తుంది. కుడీ ఎడమా పోల్చు. నీ చేతికి ఆ కాళ్లు ఎంత అలవాటు కావాలంటే, చీకట్లో తడిమినా ఇవాళ ఏదో తేడాగా ఉందని తెలియాలి. ఉలవగింజంత వెచ్చదనం తగిలినా ఆ రోజు నడక కూడా వద్దు.

నీ ప్రశ్నలో నువ్వు అడగనిది ఒకటుంది, అది నీళ్లు. మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి నీకు నేను చెప్పాలా? మనుషుల వెన్నూ మోకాళ్లూ వంచిన నీళ్లు గుర్రం ఎముకను వదులుతాయా? మనిషి తాగే నీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్నారు. నీ గుర్రం రోజుకు 30 నుంచి 50 లీటర్లు తాగుతుంది, చెమట పట్టే రోజుల్లో ఇంకా ఎక్కువ. ఎముక గట్టిపడటానికే ఎనిమిది నెలలు కష్టపడుతూ అదే ఎముకలోకి ఫ్లోరైడ్ పోయడం ఏం న్యాయం? బోరు నీళ్లు స్నానానికి వాడు, తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు డ్రమ్ములో పట్టిపెట్టు.

మేత విషయంలో మన ఊళ్లలో రెండు తప్పులు చూస్తుంటాను. ఒకటి సూపర్ నేపియర్ గడ్డి. బర్రెలకు బాగుందని గుర్రాలకూ అదే వేస్తున్నారు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, దానికి తోడు భాస్వరం ఎక్కువున్న తవుడు కుండలకొద్దీ పెడితే ఎముక డొల్లబారుతుంది, ముఖం ఎముకలు ఉబ్బుతాయి. రెండోది పచ్చి జొన్న. లేత జొన్నలో విషం ఉంటుందని పశువుల కాపర్లందరికీ తెలుసు. గుర్రానికైతే అది మూత్రాశయాన్నీ వెనక కాళ్ల పట్టునూ కూడా దెబ్బతీస్తుంది. ఎండిన మంచి గడ్డి, దానికి తోడు కొంత లూసర్న్ మేత పెట్టు. గుర్రం బరువు తెలియకపోతే ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు సెంటీమీటర్లలో కొలువు. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 11880తో భాగించు. చుట్టుకొలత 178, పొడవు 160 ఉంటే సుమారు 427 కిలోలు. అంత గుర్రానికి రోజుకు ఏడెనిమిది కిలోల ఎండుగడ్డి తప్పకుండా పడాలి. దాణా పని పెరిగే కొద్దీ పెంచు, పూటకు రెండు కిలోలు మించకుండా మూడు పూటలు చెయ్యి. ఓట్స్ ముఖ్యం, నానబెట్టి ఉడికించిన ఉలవలు అరకిలో, నూనె కొద్దికొద్దిగా అలవాటు చేసి 150 మిల్లీలీటర్ల దాకా. పల్లి చెక్కకు బూజు వాసన ఏ మాత్రం ఉన్నా పారేయి. చెమట పట్టిన రోజు దాణాలో 50, 60 గ్రాముల ఉప్పు కలుపు; గుర్రం చెమటలో మన చెమటలోకంటే ఉప్పు చాలా ఎక్కువగా పోతుంది.

సెలవు రోజుకు ముందు రాత్రి నుంచే దాణా సగం చెయ్యి. పని లేకుండా నిండు దాణా తిన్న గుర్రం మర్నాడు పనిలోకి దిగగానే వెనక కండలు బిగుసుకుపోతాయి, అడుగు కదపదు, మూత్రం డికాషన్ రంగులో వస్తుంది. బెదురు స్వభావమున్న థరోబ్రెడ్ ఆడగుర్రాల్లో ఇది ఎక్కువ. అలా జరిగితే నడిపించి కొట్టం చేర్చాలని చూడకు, ఉన్నచోటే నిలబెట్టి డాక్టరును పిలిపించు. సెలవు రోజున కూడా కొట్టంలో కట్టేయకుండా అరగంట చేత్తో పట్టుకుని నడిపించు.

డ్రెస్సాజ్, జంపింగ్ పని మామూలుగా సాగనీ, వారానికి రెండు రోజులు డ్రెస్సాజ్, ఒక రోజు జంపింగ్. దాని గురించి మీ కోచ్ నాకంటే బాగా చెబుతారు.

బెంగళూరు ప్రయాణానికి కాగితాలు ముందే చూసుకో. గ్లాండర్స్ రక్తపరీక్ష రిపోర్టు లేకుండా గుర్రాన్ని రాష్ట్రం దాటించొద్దు. అది మనుషులకూ అంటుకునే జబ్బు. రిపోర్టుకు రోజులు పడతాయి కాబట్టి సంక్రాంతి పండగ కంటే ముందే నిర్వాహకులను ఎన్ని రోజుల లోపు రిపోర్టు కావాలో అడిగి, ఆ లెక్కన రక్తం తీయించు. నాడాలు కొట్టే నాల్‌బంద్‌ను పోటీకి వారం పది రోజుల ముందు పిలువు, ముందు రోజు వేసిన నాడాతో ఉరికించకు. ఆఖరి గట్టి గ్యాలప్‌కూ క్రాస్ కంట్రీకీ మధ్య కనీసం అయిదారు రోజులు ఉండనీ. బండిలో తల పైకి బిగించి కట్టొద్దు; తల దించి దగ్గలేకపోతే దుమ్ము ఊపిరితిత్తుల్లోనే ఉండి జ్వరం తెస్తుంది. మూడు నాలుగు గంటలకోసారి బండి ఆపి నీళ్లు చూపించి, తల కిందికి వదులు. పోటీకి రెండు మూడు రోజుల ముందే అక్కడికి చేరుకో. ఇంటి నీళ్లు రెండు డ్రమ్ములు తీసుకుపో, కొత్త నీళ్ల వాసనకు తాగడం మానేసే గుర్రాలున్నాయి.

క్రాస్ కంట్రీ అయిన రాత్రి ఇరవై నిమిషాల చొప్పున రెండు మూడు సార్లు చేత్తో నడిపించు, కాళ్లకు ఐసు పెట్టు, నాలుగు కాళ్లూ తడుము. మర్నాడు తెల్లవారుజామున జడ్జీలకంటే ముందు నువ్వే గట్టి నేల మీద ట్రాట్‌లో నడిపించి చూడు. అడుగు తడబడితే నీ అంతట నువ్వే పేరు వెనక్కి తీసుకో. ఇంటికొచ్చాక మూడు వారాలు నడక, మేత, అంతే. పదో రోజున ఆ ఎడమ కాలికి మళ్లీ స్కాన్ తీయించి, జూన్‌లో తీసిన దాని పక్కన పెట్టి డాక్టరుకు చూపించు.